సిమ్, మీడియం, హై సరిపోవు: గ్యాస్ మంట నేర్చుకుంటున్న నా ప్రాజెక్టు డైరీ

1వ రోజు

చెల్లి ఫోన్ చేసి "అక్కా, బంగాళాదుంపలు వేయించాలంటే మంట ఎంత పెట్టాలి?" అని అడిగింది. "మీడియంలో పెట్టు" అన్నాను. అరగంట తర్వాత మళ్లీ ఫోన్ చేసి ముక్కలు ఒక్కటీ వేగలేదని, అన్నీ మెత్తబడి ముద్దయిపోయాయని చెప్పింది. అప్పటినుంచి నాకు ఒకటే ఆలోచన, తన స్టవ్ మీద మీడియం అంటే ఎంతో నాకు తెలియదు, అసలు నా స్టవ్ మీద మీడియం ఎంతో కూడా నేను ఎప్పుడూ కొలవలేదు. నా స్టవ్‌కి రెండు బర్నర్లు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దదాన్ని సిమ్‌లో పెట్టినా వచ్చే సెగ చిన్నదాని సిమ్ కంటే స్పష్టంగా ఎక్కువ. ఒకే స్టవ్ మీద ఒకే మాటకి రెండు అర్థాలు ఉన్నప్పుడు ఫోన్‌లో చెప్పి ఏం లాభం?

అందుకే ఈ పని మొదలుపెట్టాను. రోజూ వండుకునే మామూలు పదార్థాలే, పాలు, అన్నం, పప్పు, గుడ్లు, ఉల్లిపాయ, బంగాళాదుంప. ఒక్కోదాన్ని మంట మార్చి, గిన్నె మార్చి, మూత పెట్టి, తీసి వండి రాసుకుంటాను. సామాను: చిన్న సిలిండర్, దాని కిందకి 5 గ్రాముల తేడా చూపించే డిజిటల్ కాటా, గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి, దూరం నుంచి వేడి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి, ఫోన్‌లో టైమర్, నోట్‌బుక్. థర్మామీటర్‌ని నమ్మే ముందు కరుగుతున్న ఐసు నీళ్లలో పెట్టి చూశాను, సున్నా చూపించింది. మరిగే నీళ్లలో 99.5. సముద్రమట్టం నుంచి ప్రతి 300 మీటర్ల ఎత్తుకీ మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది కాబట్టి అది సరిగ్గానే ఉందనుకున్నాను.

నాబ్ చుట్టూ గుండ్రంగా కాగితం అంటించి గడియారంలా అంకెలు వేశాను. మొదటి రోజే ఒక సంగతి తెలిసింది. నాబ్ తిప్పగానే ముందు హై వస్తుంది, ఇంకా తిప్పుకుంటూ పోతే చివర్లో సిమ్. ఆ మధ్య దూరమంతా మంట సమానంగా తగ్గదు, చాలాసేపు ఏమీ మారనట్టే ఉండి ఒక చిన్న జాగాలో ఒక్కసారిగా పడిపోతుంది. నేను ఇన్నాళ్లూ మీడియం అనుకున్న చోట మంట దాదాపు హైలోనే ఉంది.

2వ రోజు

వంట ఏమీ లేదు, శుభ్రం చేయడమే. చిన్న బర్నర్ మంట కొసలు పసుపుగా వస్తున్నాయి, ఆ బర్నర్ మీద పెట్టిన గిన్నెలన్నిటికీ అడుగున మసి. పసుపు మంట అంటే గ్యాస్‌కి సరిపడా గాలి అందడం లేదని. సన్నని రంధ్రం నుంచి గ్యాస్ వేగంగా దూసుకొస్తూ పక్కనున్న గాలిని తనతో లాక్కుపోతుంది, రెండూ గొట్టంలో కలిసి బర్నర్ చిల్లుల దగ్గర మండుతాయి. 1855 ప్రాంతంలో జర్మనీలో బున్సెన్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాల కోసం తయారైన బర్నర్ పనిచేసేదీ ఇలాగే, స్కూల్ ల్యాబ్‌లో అందరం చూసిందే. గాలి తగ్గితే గ్యాస్ పూర్తిగా కాలదు, కాలని కార్బన్ మసిగా గిన్నెకి అంటుకుంటుంది, కార్బన్ మోనాక్సైడ్ కూడా ఎక్కువగా పుడుతుంది. కాబట్టి ఇది గిన్నె నల్లబడటంతో పోయే సమస్య కాదు.

బర్నర్ మూత తీసి చూస్తే చిల్లుల్లో సగం పూడిపోయి ఉన్నాయి. వేడి సబ్బు నీళ్లలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఒక్కో చిల్లూ పిన్నుతో తీసి, పూర్తిగా ఆరబెట్టాను. తడి ఉంటే మంట మళ్లీ తేడాగా వస్తుంది. గొట్టం లోపల సాలెగూడు లాంటిది కొంచెం ఉంది, అది కూడా తీశాను. నాజిల్‌ని మాత్రం ముట్టుకోలేదు, దాని రంధ్రం పిన్నుతో కొంచెం పెద్దదైనా గ్యాస్ కొలత మారిపోతుంది, అది మెకానిక్ పని. మళ్లీ వెలిగిస్తే నీలంగా, చిన్న చిన్న పళ్లలా నిలబడిన మంట వచ్చింది, చూడటానికే సంతోషం వేసింది. ఉప్పు నీళ్లు పొంగి పడినప్పుడు మంట నారింజ రంగులో మెరుస్తుంది, అది ఉప్పులోని సోడియం వల్ల, కాసేపట్లో పోతుంది. దాన్నీ గాలి తక్కువైన పసుపు మంటనీ ఒకటనుకోకూడదు.

రబ్బరు ట్యూబు, రెగ్యులేటర్ దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూశాను. రాలేదు. అగ్గిపుల్లతో చూసేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి వద్దు.

4వ రోజు: నీళ్లు

రెండు లీటర్ల నీళ్లు, 27 డిగ్రీల నుంచి మరిగేదాకా. ఒక్కసారికి ఖర్చయ్యే గ్యాస్ చాలా తక్కువ, నా కాటాకి 5 గ్రాముల తేడా తప్ప తెలియదు, అందుకని ప్రతి పద్ధతినీ మూడుసార్లు చేసి మొత్తం బరువు చూశాను. ట్యూబు బిగుసుకుని సిలిండర్‌ని కొంచెం లాగినా అంకె మారిపోతోంది, మొదటి రెండు కొలతలు అలాగే పాడై కొట్టేశాను.

పెద్ద బర్నర్, పూర్తి మంట, సన్నగా ఎత్తుగా ఉన్న గిన్నె, మూత లేదు: మూడుసార్లకి 95 గ్రాములు, ఒక్కోసారీ 11 నిమిషాలు. అదే గిన్నెకి మూత పెట్టి, మంట గిన్నె అడుగు దాటి బయటికి రాకుండా తగ్గిస్తే 75 గ్రాములు, 15 నిమిషాలు. వెడల్పు గిన్నె, మూత, పూర్తి మంట: 70 గ్రాములు, 8 నిమిషాలు.

ఈ మూడో అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మంట తగ్గిస్తే గ్యాస్ ఆదా అవుతుందని అందరం అనుకుంటాం, అది సన్న గిన్నె విషయంలో నిజమే, ఎందుకంటే మంట అంచులు దాటి పక్కనుంచి పైకి పోతోంది. కానీ మంట మొత్తాన్నీ పట్టే వెడల్పు గిన్నె ఉంటే టైమూ మిగిలింది, గ్యాసూ మిగిలింది. లెక్క వేసి చూశాను కూడా. గ్రాము గ్యాస్ కాలితే సుమారు 46 కిలోజౌళ్ల వేడి వస్తుంది, రెండు లీటర్ల నీళ్లని 73 డిగ్రీలు పెంచడానికి కావలసింది దాదాపు 610 కిలోజౌళ్లు, అంటే 13 గ్రాములు చాలు. నేను కాల్చింది తక్కువలో తక్కువ 23. మిగతాదంతా వంటిల్లు వేడెక్కడానికే పోయింది.

మరిగిన తర్వాత సంగతి ఇంకా ముఖ్యం. పూర్తి మంట మీద సలసల మరిగే నీళ్లలో 99.5, సిమ్ మీద నెమ్మదిగా మరిగే నీళ్లలో కూడా 99.5. పదిహేను నిమిషాలు అలాగే ఉంచితే పూర్తి మంట మీద మూత లేకుండా 350 గ్రాముల నీళ్లు ఆవిరైపోయి 45 గ్రాముల గ్యాస్ ఖర్చయింది. మూత పెట్టి సిమ్‌లో ఉంచితే 30 గ్రాముల నీళ్లు, 10 గ్రాముల గ్యాస్. లోపల ఏది ఉడుకుతున్నా దానికి అందే వేడి రెండింట్లోనూ ఒకటే. ఒకసారి మరిగాక ఎక్కువ మంట నీళ్లని తోలేయడానికి తప్ప ఉడికించడానికి పనికిరాదు.

5వ రోజు

నోట్‌బుక్‌లో "సిమ్, మీడియం, హై" అని గీసుకున్న గడులు కొట్టేశాను. వాటి బదులు మనం మామూలుగా అనే మాటలే రాసుకున్నాను: కాగడం, మరగడం, ఉడకడం, మగ్గడం, వేగడం, కాలడం, అడుగంటడం, మాడటం. ఇన్ని మాటలు ఉన్నది ఊరికే కాదని నాకు ఇవాళే అనిపించింది. పాలు కాగుతాయి, నీళ్లు మరుగుతాయి, బియ్యం ఉడుకుతాయి, ఉల్లిపాయ ముందు మగ్గి తర్వాత వేగుతుంది, రొట్టె కాలుతుంది. ఒక్కో మాటలో గిన్నె అడుగున నీళ్లున్నాయా లేవా, వేడి నీటి ద్వారా వస్తోందా నూనె ద్వారా వస్తోందా నేరుగా లోహం నుంచి వస్తోందా అన్నది ఇమిడి ఉంది. ఇకనుంచి నా ప్రశ్న "మంట ఎంత" కాదు, "ఇప్పుడు గిన్నెలో జరుగుతున్నది ఏ పని, జరగాల్సింది ఏ పని". మిగతా రోజులన్నీ ఒక్కో మాట పట్టుకుని చేస్తాను.

7వ రోజు: పాలు

లీటరు పాలు, మందం తక్కువ స్టీలు గిన్నె, పెద్ద బర్నర్ పూర్తి మంట. ఎనిమిది నిమిషాల లోపే పొంగు వచ్చింది, అడుగున గుండ్రంగా మంట ఆకారంలో గోధుమ రంగు పొర అంటుకుంది. 70 డిగ్రీలు దాటాక పాలలోని వే ప్రోటీన్లు (పాలు విరిగినప్పుడు నీళ్లలో మిగిలేవి) విచ్చుకుని వేడి లోహానికి అతుక్కుంటాయి. స్టీలు వేడిని పక్కకి సరిగా పంచదు, అల్యూమినియంతో పోలిస్తే దాదాపు పదిహేనో వంతే, అందుకే మంట తగిలిన చోటే మాడుతుంది. మందపాటి అల్యూమినియం గిన్నెలో, ముందు రెండు చెంచాల నీళ్లు తిప్పి పోసి, అప్పుడు పాలు పోసి, చిన్న బర్నర్ మీద పెడితే 17 నిమిషాలు పట్టింది, అడుగు శుభ్రంగా ఉంది.

పొంగు గురించి: పైన మీగడ పొర కట్టి ఆవిరిని బయటికి పోనివ్వదు, కింద ఆవిరి బుడగలు పేరుకుని ఒక్కసారి పైకి లేస్తాయి. థర్మామీటర్ 85 చూపించినప్పుడు అంచుల దగ్గర చిన్న బుడగలు, 95 దాటాక పొర మధ్యలో ఉబ్బడం, అక్కడినుంచి పూర్తి మంట మీద అయితే మనకి అర నిమిషం కూడా ఉండదు. మంట తగ్గించి గరిటెతో పొర విడగొడుతూ ఉంటే కాగుతూనే ఉన్నాయి, పొంగలేదు.

8వ రోజు

ఇది రాయాలా వద్దా అనుకున్నాను, రాయాలి. పాలు సిమ్‌లో పెట్టి పక్క గదిలోకి వెళ్లాను, నాలుగైదు నిమిషాలకి వాసన వచ్చింది. పొంగిన పాలు మంటని ఆర్పేశాయి, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. నాబ్ కట్టేసి, రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు కిటికీలు తీసి, ఏ స్విచ్చీ ముట్టుకోకుండా బయట అరగంట నిలబడ్డాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేద్దామని చెయ్యి స్విచ్చు దాకా వెళ్లింది, అదే చాలా ప్రమాదం, స్విచ్చులో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, కింద నేల దగ్గర, మూలల్లో నిలిచిపోతుంది, పైన వాసన తగ్గినంత మాత్రాన పోయినట్టు కాదు. ఆ వాసన కూడా గ్యాస్‌ది కాదు, గ్యాస్‌కి వాసన ఉండదు, తెలియడం కోసం మెర్కాప్టాన్ అనే గంధకం సమ్మేళనం కలుపుతారు. ఎంత మంచి పని చేశారో ఆ రోజు అర్థమైంది.

ఆ సాయంత్రం ఏమీ వండలేదు, నిజంగా భయం వేసింది. కొన్ని స్టవ్‌లకి మంట ఆరితే గ్యాస్ తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, మంటలో వేడెక్కే చిన్న కడ్డీ చల్లబడగానే వాల్వు మూసుకుంటుంది. నా స్టవ్‌కి లేదు. ఇక స్టవ్ మీద ఏదున్నా గది దాటి వెళ్లను.

11వ రోజు నుంచి 15వ రోజు: అన్నం

ఐదు రోజులు అన్నమే, ఇందులో నేర్చుకున్నది అన్నిటికంటే ఎక్కువ. గంజి వార్చకుండా, పోసిన నీళ్లన్నీ ఇగిరిపోయే పద్ధతి. 200 గ్రాముల బియ్యం, కడిగి అరగంట నానబెట్టి నీళ్లు పూర్తిగా వంపేశాక తూచినవి, 400 గ్రాముల ఎసరు.

మొదటిసారి మొత్తం మీడియం మంట మీదే చేశాను. పైన మెతుకు పలుకుగా, అడుగున అంటుకుని. రెండోసారి ఎసరు మరిగేదాకా పెద్ద మంట, మరిగాక మూత పెట్టి పెద్ద బర్నర్ సిమ్, 12 నిమిషాలు. బాగుంది కానీ అడుగున ఇంకా పలచగా పట్టింది. మూడోసారి మరిగాక గిన్నెని చిన్న బర్నర్ మీదకి మార్చి సిమ్‌లో పెట్టాను, 12 నిమిషాలయ్యాక కట్టేసి మూత తీయకుండా పది నిమిషాలు వదిలేశాను. ఇది కుదిరింది. బియ్యంలోని పిండి పదార్థం 70 డిగ్రీల ప్రాంతంలోనే నీళ్లు పీల్చి మెత్తబడటం మొదలుపెడుతుంది, కట్టేసిన పది నిమిషాల తర్వాత కూడా అన్నం మధ్యలో 88 ఉంది, అంటే మంట లేకపోయినా ఉడుకుతూనే ఉంది. పైన తడి, అడుగున పొడి ఉన్నది కూడా ఆ పది నిమిషాల్లోనే సర్దుకుంటుంది.

అడుగంటడం ఎప్పుడు మొదలవుతుందో చెవితో తెలుస్తుంది, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. నీళ్లున్నంతసేపూ కుతకుతమనే చప్పుడు. అది నెమ్మదిగా సన్నగిల్లి ఒకచోట ఆగి, ఆ తర్వాత చిన్నగా చిటచిటలాడటం మొదలవుతుంది. ఆ చిటచిటే అడుగున నీళ్లు అయిపోయాయని గుర్తు. నీళ్లున్నంతవరకు అడుగు వేడి 100 దగ్గరే కట్టేసినట్టు ఉంటుంది, అవి అయిపోగానే దాన్ని ఆపేది ఏదీ లేదు, ఒకటి రెండు నిమిషాల్లో 150 దాటి మెతుకు రంగు మారుతుంది. మూత తీసి చూడాల్సిన అవసరమే లేదు, చెవి పెడితే చాలు.

14వ రోజు కొలతలు రెట్టింపు చేశాను, 400 బియ్యం, 800 నీళ్లు. ముద్దయిపోయింది. ఎందుకని తూకం వేసి చూశాను. మూడోసారి కుదిరిన అన్నం బరువు 520 గ్రాములు, అంటే పోసిన 400లో బియ్యం తీసుకున్నవి 320, ఆవిరైపోయినవి 80. బియ్యం రెట్టింపయితే అవి పీల్చేది 640 అవుతుంది, కానీ గిన్నె అదే, మూత అదే, మంట ఉన్న టైమూ అదే, ఆవిరి మాత్రం రెట్టింపు కాదు, మళ్లీ 80 గ్రాములే. అంటే 720 చాలు. 15వ రోజు 720తో చేస్తే మెతుకు మెతుకూ విడిగా వచ్చింది. "ఒకటికి రెండు నీళ్లు" అనే లెక్క ఒక గిన్నెకి, ఒక కొలతకి మాత్రమే నిజం. మీ బియ్యానికి ఈ అంకెలు పనికిరావు, పాత బియ్యం ఎక్కువ పీలుస్తాయి, కొత్తవి తక్కువ. కానీ ఒక్కసారి మీ అన్నాన్ని తూకం వేస్తే మీ లెక్క మీకు వస్తుంది.

17వ రోజు: పప్పు

200 గ్రాములు, రెండు విధాలుగా. మూత పెట్టిన గిన్నెలో 40 నిమిషాలు, 45 గ్రాముల గ్యాస్. ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి నిండేదాకా పెద్ద మంట, తర్వాత సిమ్‌లో 8 నిమిషాలు, మొత్తం 20 గ్రాములు. వాతావరణ పీడనానికి ఇంకో అంత తోడైతే నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు, అందుకే అంత త్వరగా ఉడుకుతుంది. విజిల్స్ లెక్కపెట్టడం మానేశాను. మంట పెద్దదైతే విజిల్ వెంటవెంటనే వస్తుంది, సిమ్‌లో రెండు విజిల్స్ మధ్య ఐదు నిమిషాలు పట్టొచ్చు, కాబట్టి "మూడు విజిల్స్" అంటే ఒకరికి ఐదు నిమిషాలు, ఇంకొకరికి పదిహేను. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి టైమర్ పెట్టడమే నయం. పప్పు నురగ కట్టి ఆవిరి దారికి అడ్డం పడుతుంది, అందుకని కుక్కర్‌లో సగానికి మించి నింపను, పెట్టే ముందు ఆవిరి దారిలోంచి వెలుతురు కనిపిస్తోందా అని చూస్తాను.

పులుపు సంగతి కూడా చూశాను. సగం పప్పులో మొదట్లోనే టమాటా వేశాను, సగంలో ఉడికాక. మొదట్లో వేసింది గంట దాటినా పలుకు పలుకుగానే ఉంది. పులుపు ఉంటే గింజ గోడల్లోని పెక్టిన్ కరగడం ఆలస్యమవుతుంది. కాల్షియం ఎక్కువున్న కఠిన జలంతోనూ ఇదే ఇబ్బంది. ఇలాంటప్పుడు మంట పెంచి లాభం లేదు.

20వ రోజు: గుడ్లు

ఎక్కువ రాయడానికి లేదు. నీళ్లు మరిగాక గుడ్లు దించి, మూత పెట్టి, మంట సిమ్‌కి తగ్గించాను. ఆరేడు నిమిషాలకి సొన మెత్తగా, పదకొండుకి గట్టిగా. తెల్లసొన 62 దగ్గర చిక్కబడటం మొదలవుతుంది, పచ్చసొన 65 నుంచి 70 మధ్య. రెండూ వందకి చాలా కింద, అందుకే గుడ్డుకి సలసల మరిగే నీళ్లు అక్కర్లేదు, అవి గుడ్లని ఒకదానికొకటి కొట్టి పగలగొడతాయి, అంతే. చన్నీళ్లలో వేసి మరిగించిన వాటికంటే మరిగే నీళ్లలో దించినవే పెంకు బాగా వదిలాయి, మూడుసార్లూ అంతే. అట్టు పోసినప్పుడు మాత్రం పెనం బాగా వేడెక్కాక మంట తగ్గించి పోస్తే మెత్తగా వచ్చింది, పెద్ద మంట మీద నీళ్లు వదిలి రబ్బరులా అయింది.

24వ రోజు: ఉల్లిపాయ

300 గ్రాములు సన్నగా తరిగి, రెండు చెంచాల నూనె, మందపాటి మూకుడు. ఉల్లిపాయలో దాదాపు తొంభై వంతులు నీళ్లే. పెద్ద మంట మీద మొదలుపెట్టినా థర్మామీటర్ ముక్కల మధ్య 97, 98 దగ్గరే తిరుగుతోంది, ఎందుకంటే ఇది ఇంకా ఉడకడమే, మనం మగ్గడం అనేది ఇదే. ఆ నీళ్లు పోయేదాకా రంగు రాదు. రంగు, ఆ కమ్మటి వాసన వచ్చేది ఉల్లిపాయలోని చక్కెరలూ, ప్రోటీన్లకి మూలమైన అమైనో ఆమ్లాలూ కలిసినప్పుడు, అది వేగంగా జరగాలంటే 140 డిగ్రీలు దాటాలి. 1912లో మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దీన్ని వివరించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

కాబట్టి ఉల్లిపాయకి రెండు మంటలు కావాలి. నీళ్లు పోయేదాకా పెద్దది, ఉప్పు చిటికెడు వేస్తే నీళ్లు ఇంకా త్వరగా బయటికి వస్తాయి. చప్పుడు చుయ్యిమని తడిగా ఉన్నది పొడిగా చిటపటలాడటంలోకి మారగానే తగ్గించేయాలి, లేదంటే అంచులు మాడి మధ్యలో పచ్చిగా మిగులుతాయి. నాకు సమంగా గోధుమ రంగు రావడానికి 36 నిమిషాలు పట్టింది. పది నిమిషాల్లో అవుతుందని చెప్పేవాళ్ల మాట నేను నమ్మను, నాలుగుసార్లు ప్రయత్నించాను, రంగు వచ్చింది కానీ తీపి రాలేదు.

26వ రోజు

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ నన్ను రెండు వారాలు తప్పుదారి పట్టించింది. మెరిసే స్టీలు మూకుడు మీద 70 చూపిస్తోంది, నీటి చుక్క వేస్తే ఆవిరైపోవడం కాదు, ముత్యంలా గుండ్రంగా పరుగెడుతోంది. చుక్క అలా పరుగెత్తాలంటే లోహం 190, 200 దాకా ఉండాలి, చుక్క కింద ఆవిరి పొర ఏర్పడి దాన్ని పైకి ఎత్తి పెడుతుంది. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు 1756లోనే దీన్ని రాసి పెట్టాడు. నున్నటి మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా చాలా తక్కువ వదులుతుంది, అందుకే ఆ పరికరానికి సరిగా కనిపించదు. పలచగా నూనె రాస్తే అంకె పెరిగింది, నల్లటి ఇనుప పెనం మీద అయితే దాదాపు నిజం చెబుతోంది. స్టీలు మీద తీసుకున్న పాత అంకెలన్నీ కొట్టేశాను, పైన ఎక్కడా వాటిని వాడలేదు.

ఇనుప పెనం ఇప్పుడు సరిగా కొలిచాను. చిన్న బర్నర్ మీద ఐదు నిమిషాలకి మధ్యలో 230, అంచున 140. రొట్టె వేస్తే మధ్యలో మచ్చలు, చుట్టూ పచ్చి. మంట తగ్గించి పది నిమిషాలు ఓపిక పడితే 210, 175. ఇనుముకి వేడి పాకడానికి టైమ్ కావాలి, మంట పెంచితే మధ్యలోనే పోగవుతుంది. ఓపిక పట్టిన పెనం మీద రొట్టె అంతటా ఒకేలా కాలింది, ఉబ్బింది కూడా.

29వ రోజు: బంగాళాదుంప

చెల్లి కోసం మొదలుపెట్టింది చివరికి వచ్చింది. 600 గ్రాముల ముక్కలు, నూనె 180 దగ్గర ఉన్నప్పుడు ఒకేసారి వేస్తే 118కి పడిపోయింది, మళ్లీ 150 ఎక్కడానికి తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాలూ ముక్కలు వాటి నీళ్లలో అవే ఉడికాయి. చెల్లికి జరిగింది అచ్చంగా ఇదే. ముక్కలు కడిగి పైన ఉన్న పిండి పోగొట్టి, గుడ్డతో తుడిచి, వెడల్పు బాణలిలో 200 గ్రాముల చొప్పున వేస్తే 155 కంటే కిందకి దిగలేదు. రెండు వైపులా రంగు వచ్చాక మంట తగ్గించి మూత లేకుండా ఉంచితే లోపల కూడా మెత్తబడింది. మూత పెడితే ఆవిరి నీళ్లై మళ్లీ ముక్కల మీదే పడుతుంది, పైన కరకర పోతుంది.

ఫోన్ చేసి చెప్పాను. "మంట సంగతి వదిలెయ్, ముక్కలు వెయ్యగానే వచ్చే చుయ్యిమనే చప్పుడు చివరిదాకా తగ్గకూడదు, తగ్గిందంటే ముక్కలు ఎక్కువయ్యాయి, సగం తీసెయ్." రాత్రి ఫొటో పంపింది, బాగా వేగాయి. తన స్టవ్ మీద నాబ్ ఎక్కడుందో నేను అడగలేదు.

31వ రోజు

పెద్ద బర్నర్ మూత ఒకవైపు అరిగి పక్కకి ఒరిగింది, ఆ వైపు మంట పొడుగ్గా వస్తోంది, గిన్నె అడుగున వేడి కూడా ఆ పక్కనే ఎక్కువ. అన్నం ఎప్పుడూ ఎడమవైపే ఎందుకు అడుగంటుతోందో ఇప్పుడు తెలిసింది. కొత్త మూత తెచ్చాను, సరిగ్గా కూర్చుంది, మంట చుట్టూ ఒకే ఎత్తులో ఉంది. రేపు ఉదయం మళ్లీ రెండు లీటర్ల నీళ్లు, మూడు పద్ధతులూ మూడుసార్ల చొప్పున, 4వ రోజు అంకెల పక్కనే రాస్తాను.